మన వెదురుతో ఫ్లై రాడ్: చేసుకోవడం, విసరడం

పోయిన ఎపిసోడ్‌లో కోడి ఈకలతో గాలాలు కట్టడం చూశాం కదా. అది చూసినవాళ్ళలో చాలామంది ఒకటే అడిగారు. "ఈక గాలం కట్టుకున్నాం, బాగానే ఉంది. దాన్ని విసిరే కర్ర ఎక్కడ దొరుకుతుంది? కొనాలంటే వేలల్లో ఉంది" అని. నిజమే, ఉంది. అందుకని ఈ రోజు కర్ర మనమే చేసుకుందాం. ఎలా విసరాలో కూడా ఇందులోనే చెబుతాను. విసరడం రాకపోతే, తను చేసిన కర్ర మంచిదో కాదో చేసినవాడికే తెలియదు. నాకు రెండేళ్ళు అలాగే గడిచిపోయాయి.

కర్ర దగ్గరికి వెళ్ళేముందు ఒక విషయం చెప్పాలి. ఇది చెప్పకుండా ఈ ఎపిసోడ్ చేయకూడదని అనుకున్నాను.

మా అన్నయ్య కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి చేపల పిచ్చి నా దగ్గర నుంచే అంటుకుంది. పుట్టినరోజుకి 13 అడుగుల కార్బన్ కర్ర కొనిచ్చాను. ఒక ఆదివారం కాలువ గట్టు మీద గాలం తుమ్మకొమ్మకి తగులుకుంటే, విడిపించడానికి కర్రని నిలువుగా పైకెత్తాడు. పైన పదకొండు వేల వోల్టుల లైను ఉంది. తీగకి తగిలిందో, దగ్గరగా వెళ్ళిందో వాడికే తెలియదు. తెల్లటి వెలుగు కనిపించిందట, అంతే. కాలువలో గేదెలు కడుగుతున్న ఒకాయన చూసి పదిమందిని కేకేశాడు. బతికాడండి. కుడి అరచెయ్యి కాలింది, ఎడమ పాదం కాలింది. మూడు నెలలు పెన్ను పట్టుకోలేదు. ఆసుపత్రిలో నన్ను చూసి, "బాబాయ్, నేను తీగని ముట్టుకోలేదు" అన్నాడు. వాడి తప్పేం లేదు. కర్ర కొనిచ్చిన నేను, అందులో కరెంటు పారుతుందని చెప్పలేదు.

కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది. పెద్ద వోల్టేజీ లైన్లయితే తగలక్కర్లేదు, దగ్గరికి వెళ్తే గాలిలోంచే దూకుతుంది. "మాది వెదురు కర్ర కదా" అనుకోకండి, తడిసిన వెదురూ తడిసిన దారమూ కూడా ప్రమాదమే. మన కాలవ గట్ల మీద ఎన్నిచోట్ల తీగలు అడ్డంగా పోతున్నాయో ఒకసారి చూసుకోండి. గట్టెక్కగానే మొదట పైకి చూడాలి, తర్వాతే నీళ్ళని. దారం తీగకి చిక్కుకుంటే అక్కడే వదిలేసి దూరంగా వచ్చి 1912కి ఫోన్ చేయండి. గాలం రెండు రూపాయలు, కర్ర ఇంకోటి చేసుకోవచ్చు.

సరే. ఆ తర్వాత మా ఇంట్లో గాలం అనే మాట ఎత్తితే వదిన ఊరుకునేది కాదు. ఐదారు నెలలయ్యాక వాడే వచ్చి, "బాబాయ్, పొట్టి కర్ర చేద్దామా? తీగలు లేని చోట" అన్నాడు. ఇదిగో, ఇది ఆ కర్రే. (కర్రను చూపిస్తూ) తొమ్మిదడుగులు. మొదలు ఐదు, కొస నాలుగు. మొత్తం వెదురే. దీని గురించే ఈ రోజు.

మామూలు గాలంలో దారం చివర సీసం గుండు ఉంటుంది, ఎర ఉంటుంది. ఆ బరువు ముందుకు పోతూ దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. ఈక గాలం గ్రాము కూడా ఉండదు. దాన్ని పట్టుకుని విసిరితే మన కాళ్ళ దగ్గరే పడుతుంది. అందుకని బరువు దారంలో పెడతారు. బజారులో దొరికే ఫ్లై లైన్లకి నంబర్లుంటాయి. ఐదో నంబరంటే మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఎనిమిదో నంబరైతే 210 గ్రెయిన్లు, పదమూడున్నర గ్రాములు. మనం విసిరేది దారాన్ని. గాలం దాని తోకలాగా వెనకాల వెళుతుంది.

కాబట్టి కర్ర ఒక స్ప్రింగు. దారం బరువుకి వంగాలి, మనం ఆపగానే లేవాలి. బెండు పెట్టి కూర్చునే గాలం కర్రకి ఈ బాధ లేదు, అది చేపని లేపితే చాలు.

నేను చేసిన మొట్టమొదటి కర్ర పందిరి బొంగుతో చేశాను. డొల్ల వెదురు. పైన సన్నగా గీకేశాను, ఊపితే ఝుయ్ ఝుయ్ మంటోంది, తెగ సంతోషపడిపోయాను. రేపల్లె దాటి పెనుమూడి రేవు దగ్గర కృష్ణలో గాలం వేసే ఒక పెద్దాయన ఉన్నారు, ఆయనకి చూపించాను. ఆయన ఫ్లై ఫిషింగ్ అన్న మాట విని ఎరగరు. కర్ర తీసుకుని, కొసని నేలకి ఆనించి మెల్లగా వంచి చూసి, "కొసలో ప్రాణం ఉందబ్బాయ్, నడుం లేదు" అన్నారు. అంతే, తిరిగి ఇచ్చేశారు. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. కొస ఒక్కటే వంగితే దగ్గరి విసురు వస్తుంది, దూరం రాదు. చెయ్యి నొప్పి పుడుతుంది. వంపు కొస నుంచి నడుం దాకా, చేప పడితే పిడి దాకా దిగాలి.

మరి ఏ వెదురు? సాధన వెదురు. కొంతమంది గట్టి వెదురంటారు. గోడ మందంగా ఉంటుంది, లోపల బోలు చాలా తక్కువ, సన్నటి వాటిలో అసలు ఉండదు. పోలీసు లాఠీలు చేసేది దీంతోనే. శాస్త్రీయ నామం డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. నల్లమలలో, తూర్పు కనుమల్లో అడవి నిండా ఉంటుంది.

దీని వెనక ఒక కథ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో, అమెరికాలో దొరలు ట్రౌట్ చేపలకి వాడిన చీలిక వెదురు కర్రలు మన దేశపు వెదురుతో చేసినవే. కలకత్తా రేవు మీదుగా వెళ్ళేది కాబట్టి కలకత్తా కేన్ అన్నారు. అది ఈ సాధన వెదురేనని చెబుతారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, ఈస్టన్ అనే ఊళ్ళో శామ్యూల్ ఫిలిప్ అని ఒక తుపాకుల పనివాడు, వయొలిన్లు కూడా చేసేవాడు, 1840ల్లో వెదురుని చీల్చి బద్దలు అతికించి కర్రలు చేశాడు. తర్వాత హైరమ్ లెనర్డ్ వచ్చి ఆరు బద్దల కర్రని పెద్ద ఎత్తున తయారు చేసి అమ్మాడు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి చైనా నుంచి టోంకిన్ వెదురు దిగి మన దాన్ని పక్కకి నెట్టేసింది. టోంకిన్ తిన్నగా ఉంటుంది, కణుపులు దూరం దూరంగా ఉంటాయి, పైపొరలో నార దట్టం. న్యాయంగా చెప్పాలంటే అది మెరుగైన సరుకే. కానీ కలకత్తా కేన్‌తో కూడా దశాబ్దాల పాటు చేపలు పట్టారు కదా! మనకది చాలు.

ఆరు బద్దల కర్ర గురించి అడుగుతారని తెలుసు. ఒక్కో బద్దని 60 డిగ్రీల త్రికోణంగా చిత్రిక పట్టి, ఆరూ కలిపి అతికించాలి. నేనొకటి చేశాను, ఏడు నెలలు పట్టింది, ఆగస్టు తేమకి అరటి బోదెలాగా వంగిపోయింది. దాని సంగతి ఇంకెప్పుడైనా.

మొదటి కర్రకి మంచి దారి జపాన్ వాళ్ళ టెంకరా. కొండవాగుల్లో చేపలు పట్టి అమ్ముకునేవాళ్ళ పద్ధతి ఇది. రీలుండదు, రింగులుండవు. కర్ర కొసకి కట్టిన దారం, దాని చివర ఈక గాలం. మన గాలం కర్రకి అన్నదమ్ములాంటిది. బెండు తీసేసి, దారం మార్చి, నడుమున్న కర్ర పట్టుకుంటే మీరు సగం దూరం వచ్చేసినట్టే.

ఇక పని. నిచ్చెనలకీ పందిళ్ళకీ బొంగులమ్మే అడితికి వెళ్ళండి. మూడు నాలుగేళ్ళు ముదిరిన బొంగు కావాలి. లేతది పచ్చగా నిగనిగలాడుతుంది, ఆరాక ముడుచుకుపోతుంది. ముదిరిన దాన్ని తడితే గట్టి చప్పుడొస్తుంది. సన్నటి రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టిందన్నమాట, ముట్టుకోకండి. మొదలుకి బొటనవేలంత లావు, లోపల పెన్సిలంత బోలు ఉన్నది తీసుకోండి. కొసకి సన్నటి కొమ్మ. ఈ వెదురు కొమ్మలు సన్నగా ఉన్నా లోపల గట్టిగా ఉంటాయి, విరగవు.

తెచ్చాక పదిహేను రోజులు నీళ్ళలో నానెయ్యాలి. వెనకటికి ఇంటి కప్పుకి వాడే వెదురుని చెరువులో పడేసేవాళ్ళు గుర్తుందా? వెదురులో ఉండే పిండిపదార్థం నీళ్ళలోకి దిగిపోతుంది, పురుగుకి తిండి ఉండదు. కంపు కొడుతుంది, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పండి. తర్వాత నీడలో నిలబెట్టి రెండు నెలలు. నేను ఒకసారి తొందరపడి మే నెల ఎండలో డాబా మీద పడేశాను, సాయంత్రానికి నిలువునా చీలింది. చప్పుడు కిందికి వినిపించింది.

ఎండిన కర్ర వంకర్లు ఉంటుంది. కణుపు కణుపుకీ ఒక వంకర. బొగ్గుల కుంపటి మీద, లేకపోతే గ్యాస్ పొయ్యి సన్నటి మంట మీద తిప్పుతూ కాచాలి. కాసేపటికి పైన నూనెలాంటి చెమట పడుతుంది. అదే సమయం. దించి, మెల్లగా తిన్నగా వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. ఇక్కడే ఓపిక కావాలి. ముందే వదిలేస్తే మళ్ళీ పాత వంకరే. నల్లబడేదాకా కాలిస్తే పెళుసవుతుంది. ఎన్ని చేసినా గాజు కడ్డీలాగా తిన్నగా రాదు, రానవసరం లేదు. ఒక్క సంగతి మర్చిపోకండి. వెదురు బలమంతా పైపొరలోనే ఉంటుంది. నున్నగా ఉండాలని పైచర్మం గీకేస్తే బలాన్ని గీకేసినట్టే. కణుపుల దగ్గర గరుకు తీయండి, అంతే.

అతుకు సులువు. కొస కొమ్మ మొదలుని బోలులో మూడంగుళాలు దూరేలా చెక్కండి. వదులుండకూడదు. బోలు మూతి చీలకుండా బయట పట్టు దారంతో పక్కపక్కనే దగ్గరగా ఒకటిన్నర అంగుళం చుట్టి వార్నిష్ వేయండి. పట్టు నూలు నేను చీరాలలో మగ్గం నేసేవాళ్ళ దగ్గర తెచ్చుకున్నాను, మిగిలిన పోగులు ఇచ్చారు. కర్రకంతా వార్నిష్ మూడు పూతలు. మన డెల్టా వానాకాలంలో వార్నిష్ లేని వెదురు నీళ్ళు పీల్చి కుంగిపోతుంది. నా ఆరు బద్దల కర్ర చచ్చిపోయింది అందుకే.

పిడి గురించి. మావాడి అరచేతి మీద కాలిన చోట చర్మం బిగుసుకుపోయింది, పిడికిలి పూర్తిగా మూసుకోదు. కొనే కర్రల పిడి వాడి చేతిలో తిరిగిపోయేది. అందుకని షటిల్ బ్యాట్ గ్రిప్ ఒకదాని మీద ఒకటి నాలుగు చుట్లు చుట్టాం, వాడు పట్టుకుని సరే అనేదాకా. (పిడిని దగ్గరగా చూపిస్తూ) చూడటానికి బాగాలేదు, మా వదిన దీన్ని బెండకాయ అంటుంది. కానీ వాడి చేతికి అతుక్కున్నట్టు ఉంటుంది. సొంతంగా చేసుకోవడంలో డబ్బు మిగలడం సంగతి ఎలా ఉన్నా, ఇది మాత్రం కొంటే రాదు.

ఇప్పుడు పరీక్ష. పిడిని బల్లకి గట్టిగా కట్టి, కర్రని గోడ పక్కన అడ్డంగా ఉంచండి. కొసకి చిన్న ప్లాస్టిక్ సంచి కట్టి రూపాయి బిళ్ళలు ఒక్కొక్కటే వేయండి. 2011లో వచ్చిన నమూనా రూపాయి బిళ్ళ 3.79 గ్రాములు. కొస, కర్ర పొడవులో మూడోవంతు కిందికి దిగేదాకా వేయాలి, మనకి మూడడుగులు. ఇది నా సొంత తెలివి కాదు, అమెరికాలో సెంట్లతో చేస్తారు. మా కర్రకి 26 బిళ్ళలు పట్టాయి, అంటే వంద గ్రాములకి కొంచెం తక్కువ. ఐదో నంబరు దారానికి దగ్గర దగ్గరగా సరిపోతుంది. బిళ్ళలు ఉండగానే బొగ్గుతో గోడ మీద వంపు గీయండి. ఆ గీత చూడండి. ఒకచోట మొండిగా తిన్నగా ఉంటే అక్కడ కర్ర మందం. ఒకచోట మోచెయ్యిలాగా మడత పడితే అక్కడ బలహీనం, రేపు విరిగేది అక్కడే. పెనుమూడి పెద్దాయన చేత్తో చూసింది మనం గోడ మీద చూస్తున్నాం.

దారం కూడా చేసుకోవచ్చు. సన్నటి నైలాన్ దారాన్ని తాడు పేనినట్టు పురిపెట్టండి. మొదట్లో ఆరు పోగులు, మధ్యలో నాలుగు, చివర రెండు. కర్ర దగ్గర లావు, గాలం దగ్గర సన్నం. చివర మూడడుగులు ఒంటి దారం, దానికి గాలం. మొత్తం కర్ర పొడవే ఉంచండి మొదట్లో. కర్ర కొసకి గట్టి దారంతో చిన్న ఉచ్చు అంటించి, దానికి ముడేయండి.

విసరడం. దీనికి మొదట నీళ్ళొద్దు, గాలమూ వద్దు. గాలం బదులు ఎర్ర ఊలు ముక్క కట్టండి, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. మన పొలాల్లో వరి కోయగానే మినుమో పెసరో ఉంటుంది, తొక్కితే రైతు ఊరుకోడు. స్కూలు గ్రౌండు చూసుకోండి. మేము బాపట్ల వెళ్ళినప్పుడు సూర్యలంకలో తెల్లవారుజామున చేస్తాం. పొద్దెక్కాక సముద్రం గాలి మొహం మీదికి కొడుతుంది, అప్పుడు కొత్తవాళ్ళు విసరలేరు.

ఇంటి ముందు కల్లాపి ఎలా చల్లుతారో చూశారా? చెయ్యి ఊపి, చటుక్కున ఆపుతారు. చెయ్యి ఆగితేనే నీళ్ళు ముందుకు పోతాయి. ఆపకుండా ఊపుకుంటూ పోతే నీళ్ళు కాళ్ళ మీదే. ఇక్కడా అంతే. కర్రని మెల్లగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ వెనక్కి తెచ్చి, గడియారంలో ఒంటిగంట దగ్గర ఆపండి. ఆగండి. వెనకాల దారం విచ్చుకోవాలి. అది విచ్చుకునేలోపే ముందుకి లాగితే కొరడా చప్పుడొస్తుంది, గాలం తెగిపోతుంది. ఎంతసేపు ఆగాలి? మనసులో "తెనాలి" అనుకునేంతసేపు. మావాడు మొదట్లో బయటికే అనేవాడు, సూర్యలంకలో జనం చూసి నవ్వారు. తర్వాత ముందుకి, పది గంటల దగ్గర ఆపు. మణికట్టు వదిలేయకండి.

దారం గాలిలో మడత తిరుగుతూ పోతుంది. ఆ మడత సన్నగా ఉంటే బాగా వచ్చినట్టు. గుమ్మడికాయలాగా వెడల్పయితే మీరు ఆపకుండా ఊపుతున్నారు. దారం తనని తాను దాటి ముడిపడుతుంటే మధ్యలో ఒక్కసారిగా బలం పెట్టారు. మీ తప్పేది, కర్ర తప్పేది తెలుసుకోవడానికి ఒక చిట్కా. ఆ కర్రని విసరడం వచ్చినవాడి చేతికివ్వండి. అలాంటివాడు మీ ఊళ్ళో లేకపోతే ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీసుకుని, గోడ మీద గీసిన వంపుతో పోల్చండి. వీడియోలో కర్ర నడుం వంగకుండా కొస ఒక్కటే వంగితే కర్ర తప్పు. వంపు బాగుండి మడత పాడైతే చెయ్యి తప్పు. నాకు తొంభై శాతం చెయ్యే.

ఈ కర్రతో ఏం పడతాయి అంటే, కాలవల్లో పరిగెలు బాగా పడతాయి. చిన్న ఈక గాలం, నీటి మీద తేలేది. కొరమీనుకి కప్పలాంటి గాలం కావాలి, దానికి ఈ కర్ర చాలదు. ఇంకో మాట, వానల్లో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కింద తల్లి కొరమీను కాపలా ఉంటుంది. అప్పుడు దాన్ని కదపొద్దు, అది పోతే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. చెరువైతే పాట పాడుకున్నవాళ్ళని అడిగి వేయండి. గాలం వెనక ముల్లుని ప్లయర్‌తో నొక్కేస్తే వదిలేయాల్సిన చేప తేలిగ్గా ఊడుతుంది, మీ వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా ఊడుతుంది.

మావాడు పోయిన నెల నిజాంపట్నం కాలువ మీద, తీగలు లేని చోట, ఈ కర్రతో వేలెడంత పరిగె పట్టాడు. గట్టెక్కగానే పైకి చూశాడు, నేను చెప్పలేదు. పట్టిన చేపని వదిలేసి, ఫోటో మాత్రం వాళ్ళమ్మకి పంపాడు. ఆవిడ జవాబేమీ ఇవ్వలేదు. రాత్రి అన్నం పెడుతూ మాత్రం, "బెండకాయ తుడిచి లోపల పెట్టావా, వానొచ్చేలా ఉంది" అంది.

వచ్చే ఎపిసోడ్‌లో దారం పేనడం ఒక్కటే చూద్దాం, ఇవాళ హడావుడిగా చెప్పేశాను. చిన్న చెక్క పరికరం ఒకటి చేస్తే ఒక్కరే కూర్చుని పేనుకోవచ్చు. అడితిలో వెదురు దొరికినవాళ్ళు ఈలోగా నానెయ్యండి.